ఇసుకలోని యుంగరము

చల్లని నీటిలో నుంచినపుడు చేతివ్రేళ్లు కొంచెము సన్నబడును. పుష్యమాసపు వేకువను గోదావరిలోనో కృష్ణలోనో స్నానము చేసిన సోదరీమణులకు ఈ సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. బిగువుగా నుండిన యుంగరము నీటిలో వదులై వ్రేలిపై దిరుగును. సముద్రమున నీ వదులునకు అలల యీడ్పుకూడ దోడగును. జాఱిన క్షణమున దెలియదు. ఒడ్డునకు వచ్చి తల తుడుచుకొనుచు జూచుకొన్నపుడు వ్రేలు బోసియై కాన్పించును. తాము నిలుచున్న చోటేదో, అల వచ్చిన వైపేదో అప్పుడు గుఱుతునకు రాదు. ఎటు చూచినను నొక్కటే నీరు, ఒక్కటే యిసుక.

ఇట్లు పోయినవానిని వెదకి తీయుటయే వ్యాసంగముగా బెట్టుకొన్నవారు బ్రిటను దీవులలో వేలకొలది గలరు. వారి చేతనుండునది లోహశోధక యంత్రము. మెటల్ డిటెక్టరను పేరుతో విమానాశ్రయములందును, పెద్ద దేవాలయముల ద్వారములందును మన పాఠకురాండ్రు దీని జూచియే యుందురు. తీరమున వాడునది పొడవైన కఱ్ఱవంటిది. దాని క్రిందికొనను అట్లపెనమంత గుండ్రని చట్రము, పైకొనను పిడి, చెవులకు దగిలించుకొనుటకు హెడ్‌ఫోనులు. చట్రమును నేలకు జానెడెత్తుననైన నుంచక, ఇంచుమించు తాకుచున్నట్లు, కొడవలితో గడ్డి కోయువారివలె అటునిటు ద్రిప్పుచు మెల్లగా నడచుచుందురు. స్త్రీలును దీనిలో జేరియున్నారు. ఒకచేత యంత్రము, ఒకచేత చిల్లుల గరిటెవంటి పెద్ద పార, ఒంటినిండ ఉన్నిబట్టలు, మోకాళ్లదాక రబ్బరు బూట్లు.

వేసవిలో తీరము జనులతో నిండియుండును, సొమ్ములు పోవునదియు నప్పుడే. కాని వెదకువారికి పంటకాలము చలికాలము. దానికి గారణము సముద్రముయొక్క స్వభావములోనే యున్నది.

వేసవిలో నలలు మెత్తనివి. అవి యిసుకను గొంచెము కొంచెముగా దెచ్చి యొడ్డున బేర్చును. శీతకాలపు తుపానులలో లేచు నలలు ఎత్తయినవి, నిటారైనవి. అవి యొడ్డునున్న యిసుకను దీసికొనిపోయి సముద్రములో దిన్నెలుగా వేయును. ఒక్కరాత్రిలో మోకాలిలోతు, ఒక్కొక్కచోట నడుములోతు ఇసుక పోవుటయు గలదు. నిన్నటి మెట్టమీద నేడు కత్తితో గోసినట్లు గట్టు నిలిచి, దాని క్రింద ఎన్నియో యేండ్లుగా వెలుగు చూడని గులకయు, బంకమన్నును బయటపడును.

మనము బియ్యము గాలించునపుడు గిన్నెను నీటిలో అటునిటు ఊపుదుము. బియ్యము నీటితో గదలి పోవును, ఱాళ్లు అడుగున నిలుచును. సముద్రము చేయునదియు నిదియే. ఇసుక నీటికంటె రమారమి రెండున్నర రెట్లకు బైబడి బరువు. వెండి పదిన్నర రెట్లు, సీసము పదునొకండు రెట్లకు బైన, మేలిమి బంగారము 19.3 రెట్లు. ఇసుక తేలి పోవుచుండగా బంగారము క్రిందికి దిగి, గట్టిపొర యేదైన దగిలినచోట నాగును. అందుచేత అనుభవశాలురు తీరమంతయు దిరుగరు. జాలరుల వలలకును గాలములకును గట్టు సీసపుగుండ్లు, పాత రాగినాణెములు నొక్కచోట గుంపుగా దొరకినచో, సముద్రము బరువైనవాని నన్నిటిని దెచ్చి యచ్చటనే పోయుచున్నదని గ్రహించి, ఆ చోటు విడువరు.

దీనికి తోడు తిథియు జూడవలెను. అమావాస్యకును పూర్ణిమకును పోటు ఎక్కువ, పాటును నెక్కువ. పాటువేళ నీరు చాలదూరము తొలగి, యితర దినములలో దడియుచుండు నేల బయల్పడును. తుపాను తగ్గినదినము, పెద్దపాటు, పగటివెలుగు ఈ మూడును గలియుట అరుదు. ఇంగ్లాండులో డిసెంబరునెలను సాయంత్రము నాలుగు గంటలకే చీకటిపడును. కాబట్టి పలువురు నుదుట దీపము గట్టుకొని వెదకుదురు. ఆ చలిలో, ఆ గాలిలో, తిరిగివచ్చు పోటును వెనుక జూచుకొనుచు జేయు పనిని వినోదమనుట మనకు వింతగా దోచవచ్చును. నడుమునొప్పి లేనివారికిది యని మా యభిప్రాయము.

ఇక యంత్రము పనిచేయు విధము. తీగచుట్టలో మాఱుచుండు విద్యుత్తును బంపినచో దానిచుట్టు అయస్కాంతశక్తి పుట్టును. ఆ శక్తి సమీపమున లోహముండినచో, ఆ లోహములో స్వయముగ నొక చిన్న విద్యుత్ప్రవాహము గలుగును. 1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమిదియే. లోహములో బుట్టిన యా ప్రవాహము మరల దనచుట్టు అయస్కాంతశక్తిని గలిగించును. చట్రములోని రెండవ చుట్ట దానిని బట్టి చెవికి ధ్వనిగా వినిపించును. ఇంతకుమించి మంత్రమేమియు లేదు.

ఈ సూత్రము బంగారమునకై కాక, ఒకప్పుడు ఒక రోగికై వాడబడెననుట స్మరింపదగినది. 1881వ సంవత్సరము జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్సు గార్ఫీల్డును ఒకడు తుపాకితో గాల్చెను. గుండు దేహములో నెచ్చటనున్నదో వైద్యులకు దెలియక, శుభ్రపఱుపని వ్రేళ్లతోను పనిముట్లతోను గాయమును గెలుకుచుండిరి. టెలిఫోనును గనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్లు ఇట్టి చుట్టలతో నొక సాధనము చేసి తెచ్చెను. కాని రోగి పరుండిన మంచమున ఉక్కుతీగె లుండుటచే ధ్వని స్పష్టము కాలేదని చెప్పుదురు. అదియుగాక ముఖ్యవైద్యుడు గుండు కుడిప్రక్కన నున్నదని నమ్మి, ఆ ప్రక్కనే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. గుండు ఎడమప్రక్కన నుండెనని పిమ్మట దేలినది. సాధనమునకంటె దాని బట్టుకొనువారి మొండితనము హెచ్చు హానిచేయుటకు ఇంతకంటె నుదాహరణ మక్కఱలేదు.

చేతబట్టుకొని తిరుగుట కనువైన యంత్రమును 1930 తరువాతి దశాబ్దమున అమెరికాలో గెర్హార్డు ఫిషరు సిద్ధపఱచి, 1937లో పేటెంటు పొందెను. పిమ్మట మహాయుద్ధము వచ్చెను. పోలండునుండి బ్రిటనుచేరిన సైనికోద్యోగి యోజెఫ్ కొసాట్స్కీ, నేలలో బాతిన మందుపాతరలను గనుగొనుటకు స్కాట్లాండులో నొక యంత్రమును జేసెను. 1942లో ఈజిప్టునందలి ఎల్ అలమైను యుద్ధమునకు అట్టివి అయిదువందలు పంపబడెను. ఆయన పేటెంటు పుచ్చుకొనక దానిని బ్రిటిషు సైన్యమునకు ధర్మముగా నిచ్చెను. దానికై రాజు వ్రాసిన కృతజ్ఞతాపత్రము మాత్రము స్వీకరించెను. ఎన్ని కాళ్లను, ఎన్ని ప్రాణములను ఆ యంత్రము గాపాడెనో లెక్కింప నెవరి తరము? నేడు వినోదమునకై తీరమున దిరుగువారు చేతబట్టుకొనునది ఆ కుటుంబములోనిదే. ఆ కాలమున బ్రిటను తీరములందును మందుపాతరలు పాతియుంచిరి. యుద్ధకాలపు గుండ్లును, ప్రేలుడు సామగ్రియు నిప్పటికిని చలికాలపు తుపానుల పిమ్మట ఇసుకనుండి తల యెత్తుచుండును. అట్టిది కనబడినచో ముట్టక, త్రవ్వక, దూరము తొలగి తీరరక్షకభటులకు దెలుపవలెనని వెదకువారందఱికిని మొదటి పాఠముగా నేర్పుదురు.

సముద్రతీరమున నీ యంత్రమునకు నొక చిక్కు గలదు. ఉప్పునీరును గొంతవఱకు విద్యుత్తును బ్రసరింపజేయును గనుక, తడియిసుకపై బెట్టినంతనే యంత్రము లోహమున్నట్లే కూయును. ఇనుపరజము కలిసిన నల్లయిసుకయు నిట్లే మోసగించును. అందులకై తీరపు యంత్రములలో గొన్ని విద్యుత్తును ఎడతెగక పంపక, తునుకలు తునుకలుగా బంపి, నడుమ ఆగి వినును. ఉప్పునీటి ప్రతిధ్వని వెంటనే యణగిపోవును. లోహముది రవంతసేపు నిలుచును. ఆ రవంతలోనే యున్నది విద్యయంతయు.

అయినను బంగారు టుంగరమునకును, శీతలపానీయపు డబ్బాలపై నుండు అల్యూమినియపు కొక్కెమునకును, చాకొలేటు చుట్టిన తళుకుకాగితపు టుండకును ధ్వనిలో భేదము మిక్కిలి తక్కువ. చెత్తను వినకుండునట్లు యంత్రమును ద్రిప్పి యుంచినచో, చెత్తతోబాటు ఉంగరమును బోవును. కాబట్టి యుంగరము గావలసినవారు కొక్కెముల నన్నిటిని ద్రవ్వి తీయక తప్పదు. ఒక దినపు శ్రమకు ఫలముగా జోలెలో జేరునవి కొక్కెములు, సీసాల మూతలు, త్రుప్పుపట్టిన మేకులు, గాలములు, కొన్ని చిల్లరనాణెములు. వీనినన్నిటిని ఇంటికి గొనిపోయి పాఱవేయుట, త్రవ్విన గోతిని బూడ్చుట వారి నియమము. చలికాలమున దూరదేశములనుండి వచ్చి తీరమున మేయు పక్షులను జెదరగొట్టకుండుటయు నొక నియమమే. అందఱును బాటింతురని మేము చెప్పజాలము గాని, ఈ కొక్కెములను దీసిన పుణ్యము వారిది. వానిని విసరినవారి మాట వేఱు.

దొరకిన వస్తు వెవరిది? ఇచ్చటనే ఈ వ్యాసంగము వినోదమను హద్దు దాటును. ఇంగ్లాండులో 1996వ సంవత్సరపు నిధి శాసనము ప్రకారము, మూడువందల యేండ్లకు బైబడి, పదవవంతైనను వెండియో బంగారమో గల వస్తువు నాణెము కానిది దొరకినచో, పదునాలుగు దినములలో కరోనరను అధికారికి దెలుపవలెను. వస్తుప్రదర్శనశాలవారు దానిని గోరినచో వెల గట్టి చెల్లింతురు. ఆ వెల సాధారణముగా దొరకినవారికిని, నేల స్వామికిని బంచబడును. 2023లో ఈ శాసనపు పరిధిని మఱికొంత విరివి చేసిరి. పగిలిన యోడలోని వస్తువైనచో నిరువదియెనిమిది దినములలో వేఱొక యధికారికి దెలుపవలెను. యజమాని వచ్చి యడుగుటకు ఒక సంవత్సరము గడువు. నిన్నమొన్నటి పెండ్లియుంగరమైనచో నిది నిధియు గాదు, ఓడసొమ్మును గాదు. అది యొక స్త్రీదో పురుషునిదో, ఆ మనిషి యెచ్చటనో బ్రదికియుండవచ్చును. యజమానిని గనుగొనుటకు దగిన ప్రయత్నము చేయక జేబులో వేసికొన్నచో నచ్చటి చట్టమునుబట్టి దొంగతనమే కావచ్చును.

కనుగొను మార్గ మేది యందురా? ఉంగరపు లోపలి ప్రక్క చూడవలెను. ఆ దేశమున బంగారమును బరీక్షించి ముద్ర వేయు నాచారము అనేక శతాబ్దములది. లండనుముద్ర చిఱుతపులి తల, బర్మింగ్‌హాముముద్ర లంగరు. పూర్వపు టుంగరములపై సంవత్సరమును దెలుపు నక్షరముకూడ నుండును. వీనితోబాటు దంపతుల పేళ్ల మొదటి యక్షరములు, వివాహదినము చెక్కించుకొనుట యచ్చట వాడుక. ఊరి పత్రికలో బ్రకటించి, వివాహముల దస్త్రములు వెదకి, పోయిన యుంగరమును దశాబ్దముల పిమ్మట యజమానురాలికి జేర్చిన వార్తలు ఆ దేశపు పత్రికలలో దఱచుగా గాన్పించును. తూచి యమ్మినచో వచ్చు రూకలకును, ఆ స్త్రీ చేతిలో దానిని బెట్టునపుడు కలుగుదానికిని సరిపోల్చి చూచువారు గనుకనే యంత చలిలో వెదకుచున్నారేమో.

మన సోదరీమణు లొక్కమాట వినవలెను. మన యుంగరములలో బేళ్లు చెక్కించుట యరుదు. 2023వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి హాల్‌మార్కు గల బంగారు నగపై ఆఱు అక్షరాంకముల గుఱుతు లేనిదే యమ్మరాదని నియమమేర్పడినది. ఒక్కొక్క నగకు నొక్కొక్క గుఱుతు. దానివలన యజమానురాలి పేరు తెలియదు. అమ్మిన వర్తకుడును, స్వచ్ఛతయు దెలియును. ఆ గుఱుతు వ్రాసిన రశీదును నగతోబాటు పెట్టెలోబెట్టక వేఱుగా దాచుకొన్నచో, పోయిన నగ యెన్నడైన దొరకినపుడు ‘నాది’ యని చూపుటకు ఆధారముండును. ఇక ఉంగరము నీట జాఱినదని తోచిన వెంటనే పదిమందిని బిలిచి త్రొక్కింపరాదు. తీరముననున్న గుఱుతులను రెంటిని, ఒక తాటిచెట్టును ఒక మేడను అనుకొందము, వరుసలో బెట్టి చూచుకొని, గంట చూచుకొని, పాటువేళ వచ్చి వెదకుట మేలు.

మన దేశపు చట్టమును దొరకిన సొమ్మునుగూర్చి మౌనము వహింపలేదు. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి యొక యుదాహరణము నిచ్చినది: రాజమార్గమున నొక రూపాయి కనబడి, అది యెవరిదో తెలియక పుచ్చుకొన్నవాడు నేరస్థుడు గాడు. కాని యజమాని తెలిసియో, తెలిసికొను మార్గముండియో, తగిన ప్రయత్నము చేయకయో దక్కించుకొన్నచో నేరస్థుడగును. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు నీ న్యాయమునే నిలిపినది. నేలలో దాచబడిన నిక్షేపములకు 1878వ సంవత్సరపు శాసనము వేఱుగ గలదు: పదిరూపాయలకు మించినది దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలముగ దెలుపవలెను. లంకెబిందెల నుద్దేశించి చేసిన శాసనమది.

అయితే యజమాని యొక్కడు గాక ఊరంతయు నైనపుడు? ఈ ప్రశ్న యూహామాత్రము గాదు. కాకినాడకు ఉత్తరమున నున్న ఉప్పాడ పేరు వినని తెలుగు స్త్రీ యుండదు. 2009లో భౌగోళికపు గుఱుతింపు పొందిన యచ్చటి జాందానీ చీరలు మన పెండ్లిపెట్టెల కలంకారములు. ఆ నేతగాండ్ర యూరిని, దాని చుట్టుప్రక్కల జాలరిపల్లెలను సముద్రము దశాబ్దములుగా గోసికొనిపోవుచున్నది. ఇండ్లు పోయినవి, గుళ్లు పోయినవి, తోటలు పోయినవి, కాకినాడకు బోవు తీరపుబాట పలుమాఱులు తెగినది. బండఱాళ్లు వేసిరి, ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టములను గట్టుగా బేర్చిరి. సముద్రము వానినిగూడ గదలించెను.

కార్తికమాసపు తుపానులు రేగి యణగిన పిమ్మట అచ్చటను ఇంగ్లాండులోవలెనే తీరపు టిసుక కొట్టుకొనిపోయి అడుగుపొరలు బయల్పడును. 2020 నవంబరునెలను నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గఱ తీరము దాటినపుడు, దాని యలలు ఉప్పాడవఱకును దాకెను. ఆ దినములలో ఇసుకలో బంగారు నలుసులు, చిన్నపూసలు దొరకెనని తెలిసి, స్త్రీలు, పిల్లలు, జాలరులు గుంపులుగా వచ్చి వెదకిరి. వారికి యంత్రములు లేవు, చేతులే యంత్రములు. అలయొడ్డున గూర్చుండి, చేరెడు చేరెడు ఇసుకను గెలికి, నీట జాడించి చూచుటయే. కొందఱకు దొరకెను, పెక్కండ్రకు దొరకలేదు.

ఆ బంగార మెచ్చటిది? సముద్రములో గలిసిపోయిన యిండ్లలోనిది, గుళ్లలోనిది యని యా యూరివారే చెప్పుదురు. పునాది వేయునాడు ఇంత బంగారము నేలలో నుంచుట మన యిండ్లలో నాచారమేకదా. ఇల్లు కూలినపుడు గోడపెట్టెలలోనివి, నేల దాచినవి, ఉట్టిమీదివి అన్నియు దొరకియుండవు. అనగా నేడొక బాలిక యిసుకలో నేరుకొన్న పూస, ఆమె ముత్తవ మెడలోని గుండ్లపేరులోనిదైనను గావచ్చును. దీనిని లంకెబిందె యనగలమా? దాచినవా రెవరును లేరు, సముద్రము లాగికొన్నది. రాజమార్గమున దొరకిన రూపాయి యనగలమా? యజమానులు అచ్చటనే, ఆ యిసుకలోనే కూర్చుండి వెదకుచున్నారు. ఇంటిని గోల్పోయినవారు ఆ యింటి బంగారపు నలుసును దీసికొనుటను నిధిగొనుట యనుటకు మాకు నోరు రాదు. దానిని ఒక వేడుకగా వర్ణించుటయు మాకు రుచింపదు. పనులు మాని, తుపానుతో వలలు పోగొట్టుకొని, దినకూలి లేనివేళ వెదకుచున్న స్త్రీలు వారు.

బ్రిటనువారి పద్ధతిలో మేము మెచ్చునది వారి యంత్రము గాదు. అచ్చట 1997లో మొదలుపెట్టి, బ్రిటిషు మ్యూజియమువారు నడపుచున్న యొక పట్టిక గలదు. వెదకువారికి దొరకిన పాతవస్తువు, దాని వెల యెంత తక్కువైనను, ఎచ్చట దొరకెనో చోటుతోసహా వ్రాయించి, వస్తువును వారికే తిరిగి యిత్తురు. ఇప్పటికి పదునైదు లక్షలకు మించి వస్తువు లట్లు లిఖింపబడినవి. దానివలన మఱచిపోయిన బాటలు, పల్లెలు, సంతలు నెచ్చట నుండెనో తెలిసికొనుచున్నారు. ఉప్పాడలోను బంగారమును లాగికొనుట కెవరును రాకుండ, ఏ పూస యే చోట, ఏ తుపాను పిమ్మట దొరకెనో వ్రాయుట కొక పుస్తకము, ఒక నమ్మకమైన మనిషి యుండినచో, మునిగిన వీథుల పటము కొంతవఱకైన దేలునని మా తలంపు. నేడు నీరున్నచోట నే యిల్లుండెనో, గుడి యే దిక్కునకు మొగమై యుండెనో, ఏ గట్టుమీద వలలారవేయుచుండిరో చెప్పగల వృద్ధురాండ్రు ఆ యూళ్లలో నింకను గలరు. పుస్తకము తెఱచునాడు మొదటిపుటలు వారి నడిగి వ్రాయవలెను.